స్టెతస్కోపు మేస్త్రీ కుడికాలు

మా బావ కుడికాలు ఒకప్పుడు బస్సులతో మాట్లాడేది.

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి నమ్మమని మా అక్క అందరికీ ముందే చెప్పి పెట్టింది. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. లెక్కల మాస్టారు గెంటేశారని గిట్టనివాళ్ళు అంటారు. అసలు సంగతి, నాకు చెప్పడానికి పాపం ఆయన దగ్గర సరుకు అయిపోయింది. ఏదేమైనా తీసివేతలు నాకు బాగా వచ్చు కాబట్టి, తీసెయ్యాల్సినవి ఎక్కడున్నాయో నేనే చెబుతూ పోతాను. కాలి సంగతి మాత్రం తీసెయ్యకండి. ఆ కాలు ఉంటుందా పోతుందా అని మేం బతికిన రోజుల్లో నా నోట్లోంచి సరైన అబద్ధం ఒక్కటీ ఊడిపడలేదు. అది చూసే మా అక్క మరింత భయపడింది.

మాది బస్సుల మరమ్మతు షెడ్డు. మాది అంటే ఓనరుది. ఓనరు కంటే ఎక్కువసేపు అందులో ఉండేది మేమే కాబట్టి మాదే అంటాం. రేకుల కప్పు, బస్సు కిందకి దిగి పనిచేయడానికి మధ్యలో పొడుగాటి గొయ్యి, గోడకి వేలాడే స్పానర్లు, ఎంత కడిగినా వదలని గ్రీజు జిడ్డు. బావ అక్కడ హెడ్ మేస్త్రీ. మరమ్మతు అయిన ఏ బస్సూ ఆయన 'ఊఁ' అనకుండా గేటు దాటేది కాదు. నేను స్టీరింగు దగ్గర కూర్చునేవాణ్ణి. ఆయన నా పక్కన ఇంజను మూత మీద కూర్చుని, కుడి బూటూ మేజోడూ విడిచి, అరికాలిని నేల రేకు మీద ఆనించి కళ్ళు మూసుకునేవాడు. షెడ్డు చుట్టూ ఉన్న వీధుల్లో ఒక చుట్టు తిప్పేవాళ్ళం.

"చాలు. వెనక్కి తిప్పు."

"ఏమైంది బావా? పాటలా పోతోంది కదా!"

"పాటేరా బామ్మర్దీ. తాళం తప్పింది. వెనక ఎడమ చక్రంలో బేరింగు అరిగింది."

విప్పి చూస్తే అరిగే ఉండేది. అందుకే షెడ్డులో అందరూ ఆయన్ని స్టెతస్కోపు మేస్త్రీ అనేవారు. ఒకసారి టీ కొట్టు దగ్గర నిలబడి ఉండగా రోడ్డు మీద ఎవరిదో బస్సు పోయింది. బావ గ్లాసు కింద పెట్టి, కాలు నేలకి ఆనించి, "ఆ మలుపు దాటదు" అన్నాడు. దాటలేదు. ఇంకోసారి, బస్సు ఆఖరి సీట్లో ఎవరో మర్చిపోయిన చేతిగడియారం ఆగిపోయిందని కూడా కాలితోనే కనిపెట్టాడు. ఈ రెండోది తీసెయ్యొచ్చు.

ఆ విద్య నాకూ నేర్పాలని చూశాడు. నా అరికాలికి చక్కిలిగింత తప్ప ఇంకేమీ తెలియలేదు. "నీది కాలు కాదురా, కాలిలా కనిపించే కట్టె" అని వదిలేశాడు.

బావకి షుగరు చాలా ఏళ్ళ నుంచీ ఉంది. దాన్ని ఆయన జబ్బుల్లో లెక్కవేసేవాడు కాదు. అక్క చేతిలో మాత్ర పెడితే మింగేవాడు, పెట్టకపోతే గుర్తుండేది కాదు. ఆ మధ్య అరికాళ్ళు మండుతున్నాయని పడుకునేముందు రెండు కాళ్ళూ గోడకి ఆనించుకుని చల్లబరుచుకునేవాడు. మిరపకాయలు నూరి రాసినట్టు, పైన చీమలు పాకినట్టు ఉంటుందనేవాడు. దుప్పటి తగిలితే చాలు, తన్నేసేవాడు. "అరికాలి మంట నెత్తికెక్కిందంటే ఏమో అనుకున్నాను, నెత్తిదాకా ఎందుకు, మోకాలి దాకా ఎక్కినా చాలు మనిషి పిచ్చెక్కడానికి" అని ఆయనే నవ్వేవాడు.

కొన్నాళ్ళకి ఆ మంట తగ్గింది. ఇంకొన్నాళ్ళకి పూర్తిగా పోయింది.

"చూశావా, మందూ మాకూ లేకుండా ఇంజను దానంతటదే చల్లబడింది" అన్నాడు బావ. మేమందరం నిజమే అనుకున్నాం.

ఆ తర్వాతే ఒక బస్సు గొలుసుకి వేలాడుతూ వెనక్కి వచ్చింది. బావ 'ఊఁ' అని పంపిన బస్సే. ముందు చక్రం బేరింగు మాడి బొగ్గయి ఉంది. షెడ్డులో అందరూ ఎవరి పనిలోకి వాళ్ళు వంగారు. మా ఎలక్ట్రీషియను మాత్రం ఆగలేకపోయాడు. చిన్న మాటకే భగ్గుమంటాడని మేం వాణ్ణి ఫ్యూజు అని పిలుస్తాం. "ఏం మేస్త్రీ, స్టెతస్కోపులో బ్యాటరీ అయిపోయిందా?" అన్నాడు.

"నేల మీద కొత్త రబ్బరు పరిచార్రా. దానిమీంచి ఏం తెలుస్తుంది?" అన్నాడు బావ.

ఆ బస్సులో రబ్బరు లేదు. ఉత్త రేకే. నేను చూశాను.

ఆ రోజు సాయంత్రం ఇంటికి వచ్చాక గుమ్మంలో బావ బూట్లు విప్పి లోపలికి వెళ్ళాడు. మేం ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం, ముందు గది నాది. నేను పెళ్ళి చేసుకుంటే మిగతా ఆడవాళ్ళంతా బెంగ పెట్టుకుంటారని మానుకున్నాను. అక్క ఎప్పటిలాగే బూట్లు దులపడానికి తిరగేసింది. కుడి బూటులోంచి ఒక ఇనప నట్టు టంగుమని గచ్చు మీద పడి, దొర్లుకుంటూ నా మంచం కిందకి పోయింది.

అక్క బూటులో చెయ్యి పెట్టి బయటకు తీసింది. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమండీ, ఇది ఎప్పట్నుంచి ఉంది ఇందులో?"

"ఏది?"

"నట్టండీ! నట్టు మీద నడుస్తున్నారు మీరు!"

బావ లోపలి గదిలోంచి నడుచుకుంటూ వచ్చాడు. కుంటడం లేదు. అదే నన్ను భయపెట్టింది. ఆయన వెనక గచ్చు మీద, కుడి అడుగు పడ్డ ప్రతిచోటా, రూపాయంత ఎర్రటి మచ్చ. మేజోడు విప్పితే బొటనవేలి కింద కండలో నట్టు ఆకారంలోనే గుంట పడి ఉంది. దాని చుట్టూ చర్మం తెల్లగా నాని ఉంది. ఆయన వేలు పెట్టి ఆ గుంటని నొక్కి చూసుకున్నాడు, ఎవరిదో కాలు చూసినట్టు.

"నొప్పి లేదే!" అన్నాడు సంబరంగా.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళాం. షుగరు వాళ్ళ కాళ్ళు చూడడానికి అక్కడ ప్రత్యేకంగా ఒక గది ఉంది. బయట బల్లల మీద కట్లు కట్టుకున్నవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఒకాయన ప్యాంటు కాలు మోకాలి దగ్గర మడిచి పిన్నీసు పెట్టి ఉంది. అక్క ఆయన వైపు చూడకుండా ఉండడానికి సీలింగు ఫ్యాను వైపు చూస్తూ కూర్చుంది. నేను ఏదో జోకు వెయ్యబోయి, ఆ పిన్నీసు చూసి మింగేశాను.

లోపల నర్సమ్మ గాలం దారం లాంటి నైలాన్ పోగు ఒకటి పట్టుకుంది.

"కళ్ళు మూసుకోండి బాబాయ్. ఈ పోగు కాలికి తగిలినప్పుడల్లా 'తగిలింది' అనండి."

బావ ధీమాగా కళ్ళు మూసుకున్నాడు, బస్సులో మూసుకున్నట్టే.

"తగిలింది."

నర్సమ్మ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"తగిలింది. ఆఁ, ఇప్పుడూ తగిలింది."

"బాబాయ్, నేనింకా మొదలుపెట్టలేదు."

"అయితే తొందరగా పెట్టమ్మా. నా కాలు నీకంటే ముందుంది."

నేను నవ్వాను. నర్సమ్మ కూడా నవ్వింది. తర్వాత ఆవిడ పోగు కొసని బొటనవేలికి ఆనించి, అది విల్లులా వంగేదాకా నొక్కింది. వేలి కింద నొక్కింది. మడమ దగ్గర నొక్కింది. బావ కళ్ళు మూసుకుని, పెదాల మీద నవ్వు అలాగే ఉంచుకుని ఎదురుచూస్తున్నాడు.

"మొదలుపెట్టావా తల్లీ?"

"అయిపోయింది బాబాయ్."

బావ కళ్ళు తెరిచాడు. అప్పుడు, బల్ల వెనక కూర్చున్న కాళ్ళ డాక్టరమ్మ సొరుగులోంచి రెండు కొమ్ముల లోహపు కడ్డీ తీసి అరచేతికేసి కొట్టింది. అది సన్నగా జుమ్మని మోగింది. ఆ మోత వినగానే బావ మొహం వెలిగింది. అది ఆయన భాష. ఇంతసేపూ ఈ దారాలూ పోగులూ ఏమిటని, ఇదిగో ఇది అడగండి చెబుతాను అన్నట్టు ముందుకి జరిగాడు. డాక్టరమ్మ కడ్డీ కాడని ఆయన బొటనవేలి ఎముక మీద నిలబెట్టింది.

బావ ఊపిరి బిగబట్టాడు. కొమ్ములు అదురుతూనే ఉన్నాయి, నా కంటికి కనిపిస్తోంది.

"ఇది... మోగుతోందా?" అన్నాడు చివరికి.

"మోగుతోందండీ."

"ఒకసారి మోకాలి మీద పెట్టండి."

మళ్ళీ కొట్టి మోకాలి మీద పెట్టింది. బావ ఉలిక్కిపడ్డాడు. "ఆఁ! ఇదీ!" అన్నాడు. ఆవిడ చేతిని తనే పట్టుకుని కడ్డీని కాలి ఎముక వెంట కిందకి జరుపుతూ పోయాడు. పిక్క సగం దిగాక ఆగాడు. అక్కడ గోటితో గీత గీసి నా వైపు తిరిగాడు.

"ఇక్కడిదాకా ఉందిరా. ఇక్కణ్ణుంచి వైరు తెగింది."

ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. చక్కెర ఏళ్ళ తరబడి నరాలని తినేసింది. మంట పోయిందంటే బాగుపడ్డట్టు కాదు, నరం కబురు పంపడం మానేసినట్టు. పుండు లోతుగా ఉంది. ఎముకకి పాకితే వేలు తియ్యాలి, ఇంకా పైకి పాకితే కాలే తియ్యాలి. కట్టు మారుస్తూ, షుగరు అదుపులో పెట్టుకుని, ఆ కాలి మీద బరువు మోపకుండా ఉంటే మానుతుంది.

"తెలియడం మళ్ళీ వస్తుందా డాక్టరుగారూ?" అన్నాడు బావ. ఆయనకి కావలసింది అదొక్కటే.

"పోయినవి తిరిగి రావడం కష్టం. దానికోసం ఎదురుచూడకండి. వాసన, ఎరుపు, జ్వరం, ఏ తేడా కనిపించినా ఆ రోజే రండి."

ఇంటికొచ్చేదాకా బావ 'కష్టం' అన్న మాటనే పట్టుకున్నాడు. "కష్టం అందిరా. రాదు అనలేదు. షెడ్డులో మనం కష్టం అన్న బండి ఏదైనా నడవకుండా పోయిందా?"

ఆ తర్వాతి వారాలు ఆయన కిటికీ దగ్గర కుర్చీలో, కుడికాలు స్టూలు మీద పెట్టుకుని గడిపాడు. బాత్రూముకి వెళ్ళాలన్నా చంకలో కర్ర పెట్టుకుని గెంతాలి. అక్క కాపలా కాసేది. రోజూ పొద్దున్నే ఆయన దువ్వెన తీసుకుని కట్టు లేనిచోట అరికాలి మీద పళ్ళతో గీసుకునేవాడు. కాసేపు ఆగి వినేవాడు. "ఇంకా నిద్రలోనే ఉంది" అని దువ్వెన కిటికీలో పెట్టేసేవాడు. మేం దువ్వుకోవడానికి వేరే దువ్వెన కొనుక్కున్నాం.

ఒకరోజు ఆయన్ని అలా చూడలేక, మరమ్మతు అయిన ఒక బస్సుని ఏకంగా మా వీధిలోకే తోలుకొచ్చాను. అది మా సందులో పట్టే బస్సు కాదు. రెండు వైపులా గోడలు నా కోసం కాస్త వెనక్కి జరిగాయి. ఇది తీసెయ్యండి. బావని కుర్చీతో సహా ఎత్తి బస్సులో పెట్టి ఇంజను స్టార్టు చేశాను. ఎడమకాలు ఆనించి చూశాడు. అదీ సగం చెవిటిదే అయింది. వంగి అరచేయి ఆనించాడు.

"గేరుబాక్సులో ఏదో ఉంది" అన్నాడు.

ఏమీ లేదు. ఆయనకి తెలియకూడదని, "నిజమే బావా, పళ్ళు అరిగాయి" అన్నాను. ఆయన నా మొహం చూసి ఇంజను ఆపెయ్యమన్నాడు.

"ఒరేయ్, నువ్వు అబద్ధాలు చెప్పడంలో మొనగాడివి. ఇంత చెత్తగా ఎప్పుడూ చెప్పలేదు. నా మీద అంత జాలేసిందా?"

నేను తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను.

"కాలికి వినపడకపోతే నేనేం మేస్త్రీనిరా?"

ఆ వారమే అక్క ఆయన కట్టు అడుగున మట్టి చూసింది. తను స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఈయన లేచి, వీధిలో ఏదో బండి పోతుంటే, కట్టుకాలు నేలకి ఆనించి వింటున్నాడట. అక్క అరవలేదు. కూర్చుని ఏడ్చింది. బావ ఇంకెప్పుడూ చెయ్యనన్నాడు.

అప్పుడొచ్చింది నొప్పి.

నేను పొద్దున్నే షెడ్డుకి వెళ్ళబోతూ చెప్పులు వేసుకుంటున్నాను. లోపల్నుంచి కేక. అక్క చేతిలో గిన్నె వదిలేసి పరిగెత్తింది. నేను వెళ్ళేసరికి బావ కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, పళ్ళు బిగించి, కళ్ళ నీళ్ళతో నవ్వుతున్నాడు.

"వచ్చేసిందిరా! నొప్పి! బామ్మర్దీ, నొప్పి పుడుతోందిరా!"

"ఎక్కడ?"

"లోపల. దబ్ దబ్ దబ్ మని కొట్టుకుంటోంది. నిలబెట్టిన బండిలో డీజిలు ఇంజను ఐడిల్లో ఉన్నట్టు. నీయబ్బ, ఎంత బాగుందో!"

నేను షెడ్డుకి వెళ్ళి చెప్పడం ఆలస్యం, మధ్యాహ్నం భోజనాల వేళకి అందరూ ఇంటి మీద పడ్డారు. ఫ్యూజు అందరికంటే ముందు. "లైను కలిసింది మేస్త్రీ! కరెంటు వచ్చేసింది!" అని బావ రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. బావ పెళ్ళికొడుకులా కూర్చుని అందరికీ వివరించాడు. ఏళ్ళ తరబడి మూల పడున్న ఇంజను తాళం తిప్పగానే సాఫీగా నడుస్తుందా? ముందు దగ్గుతుంది, వణుకుతుంది, నల్ల పొగ కక్కుతుంది. అప్పుడు ఆపేసేవాడు మూర్ఖుడు. దగ్గనివ్వాలి. దగ్గి దగ్గి అదే దార్లో పడుతుంది. మా అందరికీ అది తెలిసిన సంగతే. అలా లేపిన బండ్లు మా షెడ్డులో ఎన్నో ఉన్నాయి. అందరం తలూపాం.

తలూపనిది అక్క ఒక్కతే. గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

"డాక్టరమ్మ తేడా ఏదొచ్చినా రమ్మంది" అంది.

"తేడా అంటే చెడ్డ తేడానే. ఇది మంచి తేడా" అన్నాడు బావ. "వచ్చేవారం ఎలాగూ వెళ్ళాలి కదా. అప్పుడు ఆ కడ్డీ తెచ్చి పెట్టమను, చెబుతాను."

సాయంత్రం నేను తిరిగి వచ్చేసరికి ఇంట్లో వాసన మారింది. బాగా మూసి ఉంచిన టూల్‌బాక్సులో ఎలక చచ్చినట్టు. అక్క కిటికీలన్నీ తెరిచి పెట్టింది. బావ అన్నం ముట్టలేదు. మొహం ఎర్రగా ఉంది, ఒంటి మీద దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. అయినా నన్ను చూసి కన్ను గీటాడు.

"ఇంకా దగ్గుతోందిరా. బాగా పెద్దగా."

నేను వంగి కట్టు పైన కాలు పట్టుకుని చూశాను. కాలు కాలిపోతోంది. పాదం పైభాగం గాలి ఎక్కువ కొట్టిన ట్యూబులా నున్నగా ఉబ్బి మెరుస్తోంది. ఎరుపు చీలమండ దాటి పైకి పాకుతోంది.

అక్క వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏమండీ. నాకు మీ ఇంజన్ల సంగతి తెలియదు. ఒక్కటి చెప్పండి. చక్రంలో బేరింగు వేడెక్కిందనుకోండి. ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. లోపల్నుంచి మోత వస్తోంది. మీరు బండి నడుపుతారా, ఆపుతారా?"

బావ దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

"చెప్పండి. అది బాగుపడుతున్న మోతా?"

"కాదు" అన్నాడు బావ. "పట్టేసే ముందు వచ్చే మోత."

ఆయన తన కాలి వైపు చూసుకున్నాడు. నవ్వు మొహం మీంచి ఒక్కొక్క బోల్టే విప్పినట్టు ఊడిపోయింది.

"బండి తియ్యరా" అన్నాడు.

షెడ్డులో ఆ సాయంత్రం నడిచే బండి ఒక్కటే ఉంది. రంగు వెయ్యడానికి సీట్లన్నీ పీకేసిన బస్సు. దాన్నే తెచ్చాను. ఖాళీ బస్సు మధ్యలో కుర్చీని తాడుతో కడ్డీలకి కట్టి బావని కూర్చోబెట్టాం. ఎదురుగా స్టూలు, స్టూలు మీద దిండు, దిండు మీద కాలు. అక్క నేల మీద కూర్చుని స్టూలు కదలకుండా వాటేసుకుంది. నేను నడపడం మొదలుపెట్టాను. నా అంత డ్రైవరు ఈ చుట్టుపక్కల లేడు, ఇది తీసెయ్యకండి. ఆ రోజు మాత్రం ప్రతి గుంటా నా కిందకే వచ్చింది. గుంట వచ్చినప్పుడల్లా వెనక నుంచి బావ మూలుగు. అద్దంలో చూస్తే అక్క తల మాత్రమే కనిపిస్తోంది.

ఒక పెద్ద గుంట దాటాక మూలుగు ఆగిపోయింది.

"బావా!"

"ఒరేయ్." గొంతు ఎక్కడో లోపల్నుంచి వచ్చింది. "వెనక కుడివైపు స్ప్రింగు పట్టీ విరిగింది. చూసుకో."

"అదెలా తెలిసింది?"

"కుడివైపు దిగినప్పుడు పోటు రెండుసార్లు వస్తోంది."

తర్వాత ఎప్పుడో విప్పి చూశాం. పై నుంచి రెండో పట్టీ విరిగి ఉంది. తీసెయ్యాలనుకుంటే తీసెయ్యండి, నేనేమీ అనుకోను. ఆ పట్టీ ఇప్పటికీ షెడ్డులో మేకుకి వేలాడుతోంది.

డాక్టరమ్మ కట్టు విప్పింది. ఒక్కసారి వంగి చూసి, పక్కనున్నవాళ్ళకి ఆపరేషను గది సిద్ధం చెయ్యమని చెప్పింది. సన్నటి కడ్డీ పుండులో పెడితే అది లోపల ఎముకకి తగిలి చిన్నగా టిక్కుమంది. ఆ శబ్దం నాకూ వినిపించింది.

"ఎప్పట్నుంచి నొప్పి?"

"పొద్దున్నుంచి" అన్నాడు బావ. "నరం తిరిగి వచ్చిందనుకున్నానమ్మా."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. "పైన చర్మంలో నరాలు పోయాయి. లోపల ఎముక దగ్గర కొన్ని మిగిలాయి. చీము పట్టి వాటిని నొక్కుతోంది. ఇన్నాళ్ళు నోరెత్తని కాలు అరిచిందంటే కోలుకుని కాదండీ, గొంతు పట్టుకుంటే అరిచింది" అంది. "బొటనవేలు పోతుంది. దాని వెనక ఎముక కూడా. మిగతాది లోపల చూశాక గానీ చెప్పలేను."

"చూడాల్సినంత చూడండి" అన్నాడు బావ. "మడమ ఉంచండి. మడమ ఉంటే నిలబడతాను."

బయట బల్ల మీద కూర్చున్నాం. బావ ఎడమ చెప్పు ఒకటే అక్క ఒళ్ళో ఉంది. ఎందుకు తెచ్చిందో తనకే తెలియదు. దాన్ని తిరగేస్తుంది, దులుపుతుంది, మళ్ళీ తిరగేస్తుంది. అందులో ఏమీ లేదు. నేను ఏదైనా పెద్ద కోత కోసి తనని నవ్వించాలనుకున్నాను. బస్సుకి రెక్కలొచ్చిన కథ ఒకటి ఉంది, ఎప్పుడూ పనిచేస్తుంది. మొదలుపెట్టాను. సగంలో ఆపేశాను. "చెప్పరా" అంది అక్క. "ఏదైనా చెప్పు. నువ్వు ఊరుకుంటే నాకు భయమేస్తోంది." నాకు ఆ బస్సు ఎక్కడ దిగిందో గుర్తురాలేదు.

తలుపు తెరుచుకుంది. వేలు పోయింది. వెనక ఎముక ముక్క పోయింది. పాదం ప్రస్తుతానికి ఉంది. 'ప్రస్తుతానికి' అన్న మాటని డాక్టరమ్మ మెల్లగానే అంది, మాకు మాత్రం మైకులో చెప్పినట్టు వినిపించింది.

వార్డులో నర్సమ్మ బావ పిక్క మీద, ఎరుపు ఆగినచోట, పెన్నుతో గీత గీసింది. ఎరుపు ఈ గీత దాటితే మళ్ళీ లోపలికి తీసుకెళ్ళాలి. దాటకుండా దిగితే మందు పనిచేస్తున్నట్టు. వైరు తెగిందని బావ గోటితో గీసినచోటికి అది కాస్త కిందగా ఉంది.

ఆ రోజుల్లో మా ముగ్గురి బతుకూ ఆ గీత దగ్గరే. నేను పొద్దున షెడ్డుకి వెళ్ళేముందు వచ్చి దుప్పటి తీసి చూసేవాణ్ణి. ఎరుపు గీతని ఆనుకుని ఉన్నట్టుండేది. కిటికీ వెలుతురులో దాటినట్టు, నీడలో దాటనట్టు. అక్కా నేనూ గుసగుసగా కొట్టుకునేవాళ్ళం.

"దాటింది."

"దాటలేదే. అది నీ వేలి నీడ."

"నా వేలు తీసేశాను కదరా!"

"మీరిద్దరూ గొడవాపండి" అనేవాడు బావ కళ్ళు మూసుకుని. "నాకు చూపించండి." అద్దం పట్టుకుంటే చూసుకునేవాడు. ఒకరోజు పెన్ను గీత చెమటకి చెరిగిపోయింది. నర్సమ్మ వచ్చి మళ్ళీ గీసేదాకా అక్క ఆ చోట తన చూపుడు వేలు ఆనించి అలాగే కూర్చుంది, తాగడానికి నీళ్ళు ఇస్తే ఎడమ చేత్తో తాగింది.

ఒక పొద్దున నేను వెళ్ళేసరికి అక్క వరండాలో నిలబడి ఉంది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. "దిగింది" అంది. "వేలెడు దిగింది." తర్వాత గోడకి ఆనుకుని నిలబడ్డచోటే కూలబడిపోయింది.

బావ ఇంటికి వచ్చాక పుండు మానడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఈసారి ఆయన కాలు కింద పెట్టలేదు. దువ్వెన మళ్ళీ మా తలలకి తిరిగి వచ్చింది.

ఇప్పుడు షెడ్డుకి వస్తున్నాడు. మందపాటి అడుగు ఉన్న మెత్తటి బూట్లు, కుడి బూటులో పోయిన వేలి చోట స్పాంజి ముక్క. వేసుకునేముందు రెండు బూట్లూ తిరగేసి దులిపి, లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడిమి చూస్తాడు. తనవి చూసుకుని ఊరుకోడు, మా అందరి చేతా చేయిస్తాడు. ఫ్యూజు రోజూ విసుక్కుంటూనే దులుపుతాడు. బస్సు వినాలంటే పొడుగాటి స్క్రూడ్రైవరు కొసని ఇంజనుకి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించుకుంటాడు. "సగం వినపడుతోంది" అంటాడు. మిగతా సగం కోసం చక్రాలు విప్పించి చూస్తాడు. అందుకని మాకు పని రెట్టింపయింది. స్టెతస్కోపు మేస్త్రీ అని కొత్తవాళ్ళు పిలుస్తుంటారు. పాతవాళ్ళం ఆ పేరు తియ్యం.

ఇంకా ఎడమకాలు ఉంది. అది కూడా సగం చెవిటిదని డాక్టరమ్మ చెప్పింది. అందుకని రోజూ సాయంత్రం షెడ్డు నుంచి రాగానే బావ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని రెండు కాళ్ళూ స్టూలు మీద చాపుతాడు. అక్క చేతులు కడుక్కుని వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఎదురుగా నేల మీద కూర్చుంటుంది. ఒక్కో పాదాన్నీ ఎత్తి పట్టుకుంటుంది. మడమ, పక్కలు, వేళ్ళ కింద, వేళ్ళ సందులు. నేను ముందు గదిలో ఏదో పని కల్పించుకుని తలుపు దగ్గరే తచ్చాడతాను.

"ఏమైనా ఉందా?" అంటాడు బావ.

అక్క పాదాన్ని వెలుతురు వైపు తిప్పుతుంది. బొటనవేలితో ఒకచోట మెల్లగా నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి చూస్తుంది. బావ ఆవిడ మొహాన్నే చూస్తుంటాడు, ఒకప్పుడు కళ్ళు మూసుకుని బస్సుని విన్నంత శ్రద్ధగా. అంతసేపూ నాకు ఒక్క కోత కూడా తట్టదు.

"ఏమీ లేదు" అంటుంది అక్క. "గోరు పెరిగింది."

"పెరగనీ" అంటాడు బావ, ఊపిరి వదిలి.